కొప్పులో దబ్బనం

బస్సు కీసర చేరకముందే సంచి కాడ తెగిపోయింది.

విజయవాడలో రెండు రోజుల శిక్షణ ముగించుకుని జగ్గయ్యపేట బస్సెక్కాను. వాడిన వస్తువు చెత్తలోకి పోకుండా మళ్ళీ మళ్ళీ వాడకంలోకి ఎలా రావాలి అన్నది శిక్షణ విషయం. దానికి వాళ్ళు వర్తుల ఆర్థిక వ్యవస్థ అని పేరు పెట్టారు. చల్లటి హాల్లో, తెల్లటి గుడ్డలు పరిచిన బల్లల మీద, మనిషికి రెండేసి ప్లాస్టిక్ నీళ్ళ సీసాలు పెట్టి మరీ చెప్పారు. వెళ్ళేటప్పుడు తలా ఒక గుడ్డసంచి ఇచ్చారు. దాని మీద ఆకుపచ్చ అక్షరాలతో ‘పారేయకు, మళ్ళీ వాడు’ అని అచ్చేసి ఉంది. అందులో నేను పెట్టుకున్నది ఒక నోటుపుస్తకం, ఒక టిఫిన్ డబ్బా, అంతే. పరిటాల హనుమంతుడి పెద్ద విగ్రహం కిటికీలో కనబడి వెనక్కి వెళ్ళింది. కంచికచర్లలో బస్సు ఆగి బయల్దేరింది. సంచిని ఒళ్ళోకి తీసుకుందామని కాడ పట్టుకుని లాగితే కాడ చేతికొచ్చింది, సంచి కిందే ఉండిపోయింది.

పక్క సీటాయన జాలిగా చూసి, “పోనీండి, ఊరికే ఇచ్చిందేగా, పారేయండి” అన్నాడు.

అప్పుడు వినబడింది జగ్గయ్యపేట మామ్మ గొంతు. నిజంగా పక్కనే కూర్చుని అన్నట్టు వినబడింది. “అయిపోయిందని ఎవరన్నారు?”

శిక్షణ చివర్లో ఒక కాగితం కూడా ఇచ్చారు. ఈ మార్పును ముందుకు నడిపించేది ఏది అని ప్రశ్న. కింద నాలుగు గళ్ళు. చట్టం, లాభం, టెక్నాలజీ, ప్రజల్లో అవగాహన. ఏదో ఒకదానికి టిక్కు పెట్టమన్నారు. నేను పెట్టకుండానే ఇచ్చేశాను. కాగితాలు పోగుచేస్తున్న అమ్మాయి, “సార్, మర్చిపోయారు” అంది. మర్చిపోలేదమ్మా, నాకు తెలిసిన జవాబు ఈ నాలుగింట్లోనూ లేదు అందామనుకున్నాను. కానీ అప్పటికే అందరూ భోజనాల వైపు లేచారు, నేనూ లేచాను.

ఆ జవాబు గురించే ఇదంతా. జవాబు అంటే ఒక మనిషి.

ఆవిడ పేరు రాయను. రాస్తే ఒప్పుకునేది కాదు. ఒకసారి ఎవరో బోర్డు రాసిపెడతామని వస్తే, “నా పేరెందుకు? గోతం చెప్పుద్దిలే” అని పంపించేసింది. జగ్గయ్యపేటలో అందరూ గోతాల మామ్మ అనేవాళ్ళు. గోతం అంటే జనపనార బస్తా. మిర్చికీ, ధాన్యానికీ, కందులకీ ఈ ప్రాంతంలో ఒకప్పుడు అదే దిక్కు. చిరిగిన గోతాల్ని ఆవిడ పోగుచేసేది, దులిపేది, కుట్టేది, మళ్ళీ రైతుకి చేర్చేది. పాత గోడౌన్ల వెనక సందులో ఒక రేకుల షెడ్డు, దాన్నిండా గోతాలు, వాటి మధ్య ఒక చిన్న ముక్కాలిపీట మీద ఆవిడ. సన్నటి మనిషి. జుట్టులో ఎప్పుడూ జనపనార పీచు ఉండేది. నెరిసిన వెంట్రుక ఏదో పీచు ఏదో దగ్గరికెళ్తే తప్ప తెలిసేది కాదు. కొప్పులో పువ్వు పెట్టుకోవాల్సిన చోట దబ్బనం గుచ్చుకునేది. జానెడు పొడుగుండే ఆ లావుపాటి సూదిని ఎక్కడైనా పెట్టి మర్చిపోవడం ఆవిడకి చేతకాదు. గుళ్ళోకి వెళ్ళినా, పెళ్ళికి వెళ్ళినా, అది కొప్పులోనే ఉండేది.

గోతం చేతికొస్తే మొట్టమొదట ఆవిడ చేసే పని, అందులోకి తల దూర్చి గట్టిగా గాలి పీల్చడం. మెడదాకా లోపలికి వెళ్ళిపోయేది. కొత్తగా చూసేవాళ్ళకి ఈవిడకేమైనా అయిందా అని భయం వేసేది. బయటికొచ్చి, కళ్ళు చికిలించి, చరిత్ర చెప్పేది. “పోయినేడు ధాన్యం. అంతకు ముందు రెండేళ్ళు కందులు. మధ్యలో ఎవడో దీంట్లో యూరియా పోసాడు, ఎదవ.” యూరియా పోసిందీ పురుగుమందు పక్కన పెట్టిందీ ఆవిడ కుట్టేది కాదు. దాన్ని గుమ్మం బయటే పడేసి, ఇళ్ళు కట్టే మేస్త్రీలకి ఇచ్చేది. కొత్తగా పోసిన సిమెంటు స్తంభాలకి తడిగోతం చుట్టాలి కదా, అక్కడికి. మిగిలినవాటిని మూడు గుట్టలు చేసేది. మిర్చివి మళ్ళీ మిర్చికే. ధాన్యానివి ధాన్యానికే. అపరాలవి అపరాలకే. ఈ గుట్టలోది ఆ గుట్టలోకి మార్చడం ఆవిడ దృష్టిలో మహాపాపం.

కుట్టడం అయ్యాక గోతం మూలకి, అంటే ముఠా కూలీలు మోసేటప్పుడు పట్టుకునే చెవికి, ఒక గుడ్డపీలిక ముడివేసేది. ఏడాదికో పాత చీర చించేది పీలికలుగా. ఆకుపచ్చ ముడి ఒక ఏడు, పసుపు ముడి ఇంకో ఏడు. అయిదారు రంగుల ముళ్ళున్న గోతాలు నేను చూశాను. అన్నిసార్లు చిరిగి, అన్నిసార్లు ఆవిడ దగ్గరికొచ్చి, అన్నిసార్లు మళ్ళీ పొలానికి వెళ్ళాయి. ముడి ఎందుకు మామ్మా అని అడిగితే, “ముడేసానంటే నేను పూచీ. మళ్ళీ చినిగితే నా దగ్గరికే రావాల గదా, దారి తెలియొద్దా దానికి?” అంది.

బస్సులో ఆవిడని చూడాలి. నందిగామ చుట్టుపక్కల రైసు మిల్లుల దగ్గర చిరిగిన గోతాలు కట్టగట్టుకుని పల్లెవెలుగు ఎక్కేది. కండక్టరు లగేజీ ఎక్కువైందనేవాడు. ఆవిడ కట్టని సీటు మీద పెట్టి, తను దాని మీద ఎక్కి కూర్చుని, “ఇది లగేజీ కాదయ్యా, నేను కూర్చునే మెత్త” అనేది. చిల్లకల్లు దాకా ఇద్దరూ గొడవ పడేవాళ్ళు. జగ్గయ్యపేటలో దిగేటప్పుడు ఆ కండక్టరే కట్ట కిందికి అందించేవాడు. వాళ్ళ ఇంట్లో పప్పులకి గోతం కావాల్సి వస్తే ఆవిడ దగ్గరికే వచ్చేవాడని తర్వాత తెలిసింది.

నేనెవరినో చెప్పలేదు కదా. వత్సవాయి మండలంలో ఒక ధాన్యం కొనుగోలు కేంద్రంలో పనిచేస్తాను. ధాన్యంలో తేమ చూడటం, తాలు చూడటం, గోతాలు చూడటం నా పని. మంచిది, కాదు అని చెప్పే అధికారం ఉన్న చిన్న ఉద్యోగం. ఇలాంటి ఉద్యోగంలో కొత్తగా చేరినవాడికి తనకి అన్నీ తెలుసన్న ధీమా ఎక్కువ. నాకు మరీ ఎక్కువ.

చేరిన కొత్తలోనే మా కేంద్రంలో రైతుల సమావేశం పెట్టారు. పై అధికారి ఒకాయన వస్తున్నారు. పరచడానికి పట్టాలు లేవు. నేను జగ్గయ్యపేట వెళ్ళి, మామ్మ భోజనానికి ఇంటికి వెళ్ళిన వేళ చూసి, షెడ్డు పక్క టీకొట్టాయనకి చెప్పి, శుభ్రంగా కనబడే గోతాలు ఏరుకుని ఆటోలో వేసుకొచ్చాను. ఎర్రగా, అందంగా ఉన్నాయి. ఆ ఎరుపు ఎక్కడిదని నాకు తట్టలేదు.

సమావేశంలో అధికారిగారు కుర్చీ వద్దన్నారు. రైతుల మధ్య కింద కూర్చుంటేనే బాగుంటుందన్నారు. కూర్చున్నారు. ఫ్యాన్లు వేశాం. పావుగంట గడిచేసరికి మొదటి వరసలో ఒకాయన తుమ్మాడు. తర్వాత వరసంతా తుమ్మింది. అధికారిగారు ప్రసంగం మొదలుపెట్టి, రైతే దేశానికి అని తుమ్మి, వెన్నెముక దాకా రాలేకపోయారు. కళ్ళు తుడుచుకున్నారు. సరిగ్గా అప్పుడే ఫోటో తీశారు. మర్నాడు ఒక పేపర్లో ఆ ఫోటో వేసి, రైతుల కష్టాలు విని చలించిపోయిన అధికారి అని రాశారు. ఉద్యోగం నిలబడింది గానీ నా పరువు మిగల్లేదు.

గోతాలు వెనక్కి ఇవ్వడానికి వెళ్తే మామ్మ ఒక గోతంలో తల దూర్చి, తీసి, నన్ను పైనుంచి కిందికి చూసింది.

“మిరప గోతాల మీద మనుషుల్ని కూర్చోబెట్టావా?”

“అడుగుదామంటే మీరు లేరు మామ్మా.”

“నన్ను కాదు అడగాల్సింది. దాన్ని అడగాల. ముక్కుంది గదా నీకు?”

ఆ తర్వాత వారానికోసారైనా షెడ్డుకి వెళ్ళేవాణ్ణి. పని ఉండి కాదు. ఆవిడ తిట్లు వినడానికే అని ఇప్పుడు ఒప్పుకుంటాను.

ఒకరోజు నేనక్కడ ఉండగానే, ఎక్కడినుంచో ఇద్దరు కుర్రవాళ్ళు కెమెరాతో వచ్చారు. పర్యావరణం మీద ఏదో వీడియో తీస్తున్నారట. మర్యాదగానే మాట్లాడారు. “మామ్మగారూ, భూమిని కాపాడదామనే కదండీ మీరీ పని చేస్తున్నారు?” అని అడిగారు.

“భూమికేమైంది?” అంది ఆవిడ.

వాళ్ళు ఓపిగ్గా ఏమైందో చెప్పారు. ఆవిడ కుట్టు ఆపకుండానే విన్నది.

“అయ్యన్నీ నాకు తెలవదు బాబూ. నాకు కోపం. బాగున్నదాన్ని కాలితో తన్ని, కొత్తది తెండి అనేవాణ్ణి చూస్తే నాకు వొళ్ళు మండుద్ది. ఆ మంట మీద కుడతన్నా. అది రాసుకో.”

వాళ్ళు రాసుకోలేదు. నవ్వుతూ ఒక్క ఫోటో అన్నారు. ఆవిడ నవ్వలేదు.

కూటి కోసం కాదా అంటే, కూటి కోసమే. దాన్ని దాచాల్సిన పనేముంది? కానీ ఆ వయసులో కూటి కోసం నడుము వంచకుండా చేసుకోగల పనులు జగ్గయ్యపేటలో చాలానే ఉన్నాయి. ఆవిడ ఈ పనిని పట్టుకుని వేలాడింది. ప్లాస్టిక్ సంచులొచ్చాయి, ఆగలేదు. మిల్లులవాళ్ళు కొత్త గోతాలే ముద్దన్నారు, ఆగలేదు. చివరికి నేనొచ్చాను, నా కాగితం పట్టుకుని.

ఇక్కడ నా తప్పు చెప్పాలి.

ఆ ఏడు కోతలు అయిపోయాయి. మా కేంద్రం ముందు రోడ్డు పక్కన ధాన్యం రాశులు పోసి ఉన్నాయి. మిల్లు లారీ వచ్చి ఉంది, ముఠావాళ్ళున్నారు, కాటా ఉంది, నేనున్నాను. గోతాలు లేవు. ఇదిగో అదిగో అంటున్నారు తప్ప కొత్త గోతాలు రావడం లేదు. ఆకాశం చూస్తే నల్లగా ఉంది. తుపాను అంటున్నారు. అప్పుడొక కౌలు రైతు, పోయినేడు కూడా పంట పోగొట్టుకున్నవాడు, మామ్మ దగ్గరికెళ్ళి ఒక ట్రాక్టరు నిండా కుట్టిన గోతాలు తెచ్చాడు. “వీటిల్లో పోసి కాటా పెట్టండి సారూ, రాత్రికి వానొచ్చేట్టుంది” అని చేతులు పట్టుకున్నాడు.

నేను కాగితం చూపించాను. కుట్టుపడిన గోతాలు అంగీకరించరాదు అని ఉంది.

అతను నాతో వాదించలేదు. పక్కకెళ్ళి ఫోన్ చేశాడు. గంటలో మామ్మ బస్సు దిగింది. చేతిలో ఏమీ లేదు, కొప్పులో దబ్బనం, మొలలో పురికొస ఉండ.

“ఏం సారూ, నా గోతాలకి జబ్బేంటంట?”

సారూ అన్నదంటే కోపం వచ్చిందని అర్థం. మామూలుగా అబ్బాయ్ అనేది.

“జబ్బేం లేదు మామ్మా. దారిలో చిరిగి ధాన్యం కారిపోతే నేనే జవాబు చెప్పుకోవాలి.”

“చినుగుద్దని ఎవరన్నారు?”

“కాగితంలో ఉంది.”

“ఆ కాయితం రాసినాయన ఎప్పుడన్నా దబ్బనం పట్టుకున్నాడా?”

చుట్టూ రైతులు నవ్వారు. నాకు పౌరుషం పొడుచుకొచ్చింది. ఏదో అన్నాను, నియమాలు నియమాలే అనో ఏదో. ఆవిడ లారీ వైపు చెయ్యి చూపించింది.

“ఎక్కు. నా గోతం ఒకటి, మీ కొత్త గోతం ఒకటి నింపిస్తా. పైనుంచి కిందికెయ్యి. ఏది చినుగుద్దో చూద్దాం.”

నమూనా కోసం దాచిన కొత్త గోతం ఒకటి కేంద్రంలో ఉంది. రెండూ నింపారు. ముఠావాళ్ళిద్దరు పైకి అందిస్తే, నేను లారీ అంచున నిలబడి ముందు కొత్తదాన్ని తోశాను. దబ్బున పడింది. చెక్కుచెదరలేదు. తర్వాత మామ్మ గోతాన్ని తోశాను. పడ్డ చోటే పక్కకి చిరిగి, ధాన్యం బయటికొచ్చింది.

నాకు సంతోషం వేసింది. అబద్ధం చెప్పను, ఆ క్షణంలో నాకు నిజంగానే సంతోషం వేసింది. నా కాగితం గెలిచింది కదా.

మామ్మ గోతం దగ్గరికి నడిచింది. చిరిగిన చోట వేలు పెట్టి చూసింది. అతుకు అలాగే ఉంది. అతుకు పక్కన, ఆవిడ చెయ్యి ఎప్పుడూ పడని చోట చిరిగింది. అది చెప్పి గెలవొచ్చు. చెప్పలేదు. నేల మీద కూర్చుని కొప్పులోంచి దబ్బనం లాగింది. జుట్టు వీపు మీదికి జారింది. రెండు మోకాళ్ళ మధ్య గోతాన్ని ఒడిసిపట్టి కుట్టడం మొదలుపెట్టింది. కౌలు రైతు చెదిరిన గింజల్ని దోసిలితో ఎత్తి గోతంలో పోశాడు. ఎంతో సేపు పట్టలేదు. పురికొస పళ్ళతో కొరికి, “మళ్ళీ ఎయ్యి” అంది.

వేశాను. చిరగలేదు.

“ఇప్పుడు ఆ కొత్తదాన్ని ఎయ్యి. ఆపొద్దు. ఏస్తానే ఉండు.”

ముఠావాళ్ళకి ఉత్సాహం వచ్చింది. అందిస్తున్నారు, నేను తోస్తున్నాను. అయిదోసారో ఆరోసారో దాని పక్క కుట్టు విడిపోయి ధాన్యం కుప్పగా కారింది.

“ఇప్పుడు దీన్ని కుట్టమను మీవాళ్ళని” అంది మామ్మ. ఎవరూ కదల్లేదు. కుట్టడం ఎవరికి వచ్చు గనక? “చినగందంటూ ఏదీ ఉండదు సారూ. కుట్టే మనిషి ఉందా లేదా, అదే చూసుకోవాల.”

నేను పై అధికారికి ఫోన్ చేశాను. ఆయన విన్నారు. “మీ పూచీ మీద తీసుకుంటే తీసుకోండి. రాతపూర్వకంగా నేనేమీ ఇవ్వను” అన్నారు. అంటే సంతకం నాది, రేపేదైనా జరిగితే మెడ నాది. ఫోన్ జేబులో పెట్టుకుని నిలబడ్డాను. అందరూ నా వైపే చూస్తున్నారు. చివరికి, కుదరదు అన్నాను.

తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. కౌలు రైతు వైపు తిరిగింది.

“ఏవయ్యా, ధాన్యం తడవకుండా లోపలికి పోవాలంటే గోతం కావాలా, సంతకం కావాలా?”

“గోతమే మామ్మా.”

“మరి చూస్తావేంది? నింపు.”

పక్కనే బడి ఉంది. ఆదివారం, తాళం వేసి ఉంది గానీ వరండా ఉంది కదా. రైతులు నింపారు, మామ్మ మూతులు కుట్టింది, ముఠావాళ్ళు ఎవరూ పిలవకుండానే మోశారు. నేను కేంద్రం గుమ్మంలో నిలబడి చూశాను. కాసేపయ్యాక సిగ్గనిపించి నేనూ ఒక చెవి పట్టుకున్నాను. “పక్కకి తప్పుకో సారూ, నీ చేతులకి మట్టయిద్ది” అంది మామ్మ. తప్పుకోలేదు. పొద్దు వాలకముందే వాన మొదలైంది. మొదలైందంటే మామూలుగా కాదు, రోడ్డు కనబడలేదు. కౌలు రైతు ధాన్యం ఒక్క గింజ తడవలేదు. గోతాల కోసం చూస్తూ కూర్చున్న మరో ఇద్దరి రాశులు నానిపోయి తర్వాత మొలకలొచ్చాయి. ఆ ఇద్దరూ నా మాట విన్నవాళ్ళు. నేను చెప్పాను, రేపొస్తాయి ఆగండి అని.

రెండు రోజులకి కొత్త గోతాలు వచ్చాయి. అప్పుడు నియమం ప్రకారం, బడి వరండాలో మామ్మ గోతాల్లో భద్రంగా ఉన్న పొడి ధాన్యాన్ని విప్పి, కొత్త గోతాల్లోకి తిరగబోయించి, కాటా పెట్టి, అంగీకరించబడినది అని నేను సంతకం చేశాను. ముఠావాళ్ళు నా మొహం చూడలేదు.

ఖాళీ అయిన గోతాలు నేనే షెడ్డుకి తీసుకెళ్ళాను. మామ్మ ఒకదాంట్లో తల దూర్చి, తీసి, “వాన వాసన కూడా లేదు” అంది గర్వంగా. తర్వాత చిరిగిన గోతం ఒకటి నా ఒళ్ళో పడేసింది.

“కూర్చో. కుట్టు.”

కుట్టాను. రెండుసార్లు ఊడదీసింది. మూడోసారి వంకర కుట్టుని వేలితో లాగి చూసి, పర్లేదు అంది. ముడి వెయ్యనా అని పీలిక అందుకోబోతే చేతి మీద కొట్టింది. నొప్పి పుట్టేట్టే కొట్టింది.

“కుట్టేవు, బానే ఉంది. ముడెయ్యటం అంటే పూచీ పడటం. నువ్వింకా పూచీ పడే మనిషివి కాలేదబ్బాయ్.”

అబ్బాయ్ అన్నది. క్షమించిందని అర్థం. కానీ ఆ మాట మాత్రం నాలో అలాగే గుచ్చుకుని ఉండిపోయింది. తర్వాత నన్ను వేరే మండలానికి వేశారు, మళ్ళీ ఇక్కడికి వేశారు. వారానికోసారి వెళ్ళేవాణ్ణి నెలకోసారి వెళ్ళాను, తర్వాత దారిలో ఉంటే వెళ్ళాను. అందరం ఇలాగే తగ్గిపోతాం, అది తెలిసి కూడా.

సరే, శిక్షణ నుంచి వస్తున్నాను కదా. జగ్గయ్యపేటలో దిగి, కాడ తెగిన సంచి చంకలో పెట్టుకుని నేరుగా సందులోకి వెళ్ళాను. ఆవిడ ముందు ఆ సంచి పడేసి, దాని మీది అక్షరాలు చదివి వినిపించి, తిట్లు తినాలని. ముక్కాలిపీట మీద ఇంకో మనిషి కూర్చుని ఉంది. మామ్మ కోడలు. గోతంలో తల దూర్చి ఉంది. తీసి నన్ను చూసి, “అత్తయ్య పోయి మూడు నెలలైంది సార్, మీకు తెలవదా?” అంది.

తెలియదు. నాకెవరు చెప్తారు?

అక్కడే గోతాల మీద కూర్చుండిపోయాను. ఏడుపొచ్చింది. ఆపుకోలేదు. కోడలు మంచినీళ్ళిచ్చి, నాలుగు రోజుల జ్వరం అని చెప్పింది. “ఆఖరి రోజు కూడా ఆస్పత్రి దుప్పటి అంచు ఊడిందని దబ్బనం తెమ్మని గోల సార్. నర్సమ్మ, ఇది అయిపోయింది, వేరేది ఇస్తాలే మామ్మా అంటే, ఆ నీరసంలో కూడా లేచి కూర్చుని...”

“అయిపోయిందని ఎవరన్నారు, అందా?”

“అంది సార్.”

ఇద్దరం నవ్వాం.

షెడ్డు మధ్యలో ఒక పెద్ద గుట్ట ఉంది. అన్నిటికీ వంకాయరంగు ముళ్ళు. ఆవిడ చివరి ఏడు కుట్టినవి. షెడ్డు యజమాని ఖాళీ చెయ్యమన్నాడనీ, కుట్టిన గోతాలు ఎక్కడా తీసుకోవడం లేదనీ, రేపు మేస్త్రీలొచ్చి మొత్తం స్తంభాలకి చుట్టడానికి పట్టుకుపోతారనీ కోడలు చెప్పింది. బాగున్న గోతాలు, ధాన్యం గుట్టలోవి, స్తంభాలకి. నాకు వొళ్ళు మండింది. ఇన్నేళ్ళుగా ఆవిడ నోట విన్న ఆ మంట ఏమిటో అప్పుడు నా వొంటికి తెలిసింది. శిక్షణ కాగితంలో దానికి గడి లేదు.

మా కేంద్రం ముందు ఈ ఏడూ రాశులున్నాయి. ఈ ఏడూ గోతాలు రాలేదు. ఈ ఏడూ మబ్బుగానే ఉంది. కుట్టినవి తీసుకోరాదన్న కాగితం గోడ మీద అదే మేకుకి వేలాడుతోంది.

మర్నాడు పొద్దున్నే ట్రాక్టరు తీసుకెళ్ళి గుట్ట మొత్తం ఎక్కించుకున్నాను. కోడలు ప్రతి గోతంలోనూ ముక్కు పెట్టి చూసి మరీ ఇచ్చింది. రెండిటిని పక్కన పెట్టేసింది. కేంద్రానికి వచ్చి రిజిస్టర్లో రాశాను. కుట్టుపడిన గోతాలు, పరిశీలించాను, నా పూచీ మీద అంగీకరిస్తున్నాను. కింద సంతకం పెట్టాను. పక్కన పూర్తి పేరూ రాశాను. రైతులు నింపడం మొదలుపెట్టారు. లారీకి ఎత్తుతుంటే మేకు తగిలి ఒక గోతం చిరిగింది. కోడలి దగ్గర అడిగి తెచ్చుకున్న దబ్బనం తీసి, నేల మీద కూర్చుని కుట్టాను. వంకరగానే వచ్చింది. ముడికి పీలిక లేదు. శిక్షణలో ఇచ్చిన గుడ్డసంచిని నిలువునా చించాను. ‘పారేయకు’లో సగం ఒక పీలికకి వచ్చింది. దాన్ని గోతం చెవికి, వంకాయరంగు ముడి పక్కన, గట్టిగా ముడివేశాను. ఈసారి చేతి మీద ఎవరూ కొట్టలేదు.

మధ్యాహ్నానికి పై అధికారి ఫోన్ చేశారు. ఇప్పుడున్నాయన వేరే, గొంతు మాత్రం అదే.

“కుట్లున్న గోతాలు తీసుకున్నారట?”

“తీసుకున్నానండి.”

“ఎవరు తీసుకోమన్నారు? దారిలో చిరిగితే?”

లారీ దాకా నడిచి వెళ్ళి, ఒక గోతం మీద చెయ్యి వేసి చెప్పాను. “మీరే ఒకసారి రండి సార్. లారీ మీంచి విసిరి చూడండి. చిరిగితే చిరగనివ్వండి, మీ ముందే కూర్చుని కుడతాను. దబ్బనం నా జేబులోనే ఉంది.”